శాతం సరే, దేనిమీద శాతం?



ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయంపై ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు కొంచెం తటపటాయించాను. నేను వైద్యుణ్ణి కాను. ఎల్.డి.సి.గా చేరి, ఖజానా కార్యాలయంలో ముప్పయ్యేడేళ్లు బిల్లులు పరిశీలించి, సీనియర్ అసిస్టెంటుగా విరమించినవాణ్ణి. అయితే ఒక్క విషయంలో మాత్రం మన ఉద్యోగులకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అది శాతం. కరువు భత్యం ఇంత శాతం పెరిగిందని పేపర్లో రాగానే మనలో ఏ ఒక్కరూ ఎగిరి గంతు వేయరు. “దేనిమీద? మూలవేతనం ఎంత? ఏ తేదీ నుంచి?” అని అడుగుతారు. వెయ్యి రూపాయల మీద నాలుగు శాతానికీ, యాభై వేల మీద నాలుగు శాతానికీ ఉన్న తేడా మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

ఇంత తెలిసిన మనమే ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే ఆ ప్రశ్న మరచిపోతున్నాం. “ఈ మాత్ర వేసికొంటే ముప్పు యాభై శాతం తగ్గుతుంది” అంటే తల ఊపి వస్తాం. “ఈ మందుతో ప్రమాదం రెట్టింపు” అని పేపర్లో వస్తే బెదిరిపోయి మానేస్తాం. దేనిమీద తగ్గుతుంది, ఎంతమందిలో రెట్టింపు అని అడగం. ఈ ప్రశ్న అడగడానికి ప్రపంచానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. ఆ చరిత్ర నాకు తెలిసినంతలో మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా మా ఇంటి సంగతి

నాలుగేళ్ల క్రితం మా కాలనీలో జరిగిన ఒక ఆరోగ్య శిబిరంలో మా ఇంటావిడ పదిమందితోపాటు రొమ్ము ఎక్స్‌రే తీయించుకున్నది. వారం తరువాత “పాజిటివ్, వెంటనే పెద్ద ఆసుపత్రిలో చూపించండి” అని కాగితం వచ్చింది. ఆ కాగితంలో ఉన్నది అంతే. తరువాతి పరీక్ష జరిగి, ఫలితం చేతికి వచ్చేదాకా మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆమె ఏనాడూ ఏడవలేదు గాని, బీరువా సర్దింది. ఏ చీర ఏ కోడలికో విడివిడిగా మూటలు కట్టింది. పోపులపెట్టెలో దాచిన డబ్బు ఎంత ఉన్నదో నాకు లెక్క అప్పజెప్పింది. చివరకు ఏమీ లేదని తేలింది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. పరీక్ష చేసినవారు తమ పని తాము చేశారు. కాని అలా పాజిటివ్ అని వచ్చిన ఆడవారు పదిమందిలో ఎందరికి నిజంగా జబ్బు ఉంటుందన్న ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మూటలు కట్టడం తప్పేది. ఆ ముక్క నాకు తరువాత మా మనుమరాలు చెప్పింది. ఆ పిల్ల డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నది. ఎలా చెప్పిందో కొంచెం ఆగి వ్రాస్తాను.

బోస్టన్ నగరంలో ఒక లెక్క

1721లో అమెరికాలోని బోస్టన్ పట్టణానికి మశూచి వచ్చింది. అప్పుడది ఇంగ్లీషువారి వలస పట్టణం, జనాభా సుమారు 11 వేలు. కాటన్ మాథర్ అనే మతగురువుకు ఒనెసిమస్ అనే ఆఫ్రికా బానిస తమ దేశపు ఆచారం ఒకటి చెప్పి ఉన్నాడు. మశూచి పొక్కులోని రసాన్ని ఆరోగ్యవంతుని చర్మం మీద చిన్న గాటు పెట్టి ఎక్కిస్తే, జబ్బు తేలికగా వచ్చి పోతుంది, మళ్లీ రాదు. ఈ పద్ధతి మన బెంగాలులోనూ ఉండేదని హాల్వెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1767లో ప్రచురించిన వ్యాసంలో వ్రాశాడు. జెన్నర్ కనిపెట్టిన టీకా 1796 నాటిది. ఇది అంతకంటె పాతది, ప్రమాదం కూడా కొంత ఉన్నది.

మాథర్ మాట విని జబ్డియల్ బాయిల్‌స్టన్ అనే వైద్యుడు మొదట తన ఆరేళ్ల కొడుకుకే ఎక్కించాడు. ఊరు భగ్గుమన్నది. జబ్బును చేతులారా అంటిస్తున్నారని తోటి వైద్యులే తిరగబడ్డారు. ఆ నవంబరులో మాథర్ ఇంటిలోకి ఎవరో బాంబు విసిరారు. అదృష్టవశాత్తు అది పేలలేదు.

అయితే బాయిల్‌స్టన్ మన గుమాస్తాలవలె లెక్క వ్రాసి పెట్టాడు. ఊళ్లో మశూచి సహజంగా సోకినవారు సుమారు 5,900 మంది, చనిపోయినవారు 844 మంది. అంటే ఏడుగురిలో ఒకరు. ఆయన ఎక్కించినవారు సుమారు 240 మంది, చనిపోయినవారు ఆరుగురు. అంటే నలభైమందిలో ఒకరు. 1726లో ఈ వివరాలన్నీ లండనులో అచ్చు వేయించాడు. ఒక చికిత్స మంచి చెడ్డలను వాదంతో గాక, ఎంతమందిలో ఎంతమంది అన్న లెక్కతో జనం ముందు పెట్టిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

ఎక్కించినవారిలోనూ ఆరుగురు పోయారని ఆయన దాచలేదు. లాభం, నష్టం ఒకే కొలతలో చూపించాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పదిహేనేళ్ల తరువాత, 1736లో, ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ నాలుగేళ్ల కొడుకు మశూచితో చనిపోయాడు. ఆ పిల్లవాడికి ఎక్కించలేదు. పిల్లవాడు ఎక్కించడం వల్లనే పోయాడని పుకారు పుట్టగా, అది నిజం కాదని ఫ్రాంక్లిన్ తన పత్రికలోనే ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. ముసలితనంలో వ్రాసికొన్న ఆత్మకథలో ఆ పశ్చాత్తాపం చెప్పుకొన్నాడు. ఎక్కించి పోయినా, ఎక్కించక పోయినా తల్లిదండ్రులకు దుఃఖం ఒక్కటే కనుక, తక్కువ ప్రమాదం ఉన్న దారినే ఎన్నుకోమని ఆయన సలహా.

సగటు వేరు, మనిషి వేరు

1760లో డానియల్ బెర్నూలీ అనే గణితవేత్త పారిస్ విజ్ఞాన అకాడమీలో ఒక లెక్క చదివాడు. హేలీ 1693లో తయారుచేసిన ఆయుర్దాయ పట్టికను ఆయన ఆధారంగా తీసికొన్నాడు. తోకచుక్క పేరున్న హేలీయే ఈయన. మనం పెన్షన్ కమ్యూట్ చేసికొన్నప్పుడు, వయసు ఎదుట ఒక అంకె ఉన్న పట్టిక చూసి గుణించాం గదా, అటువంటి పట్టికలకు ముత్తాత వంటిది అది. మశూచి పూర్తిగా లేకపోతే సగటు ఆయువు 26 ఏళ్ల 7 నెలల నుంచి 29 ఏళ్ల 9 నెలలకు పెరుగుతుందని బెర్నూలీ తేల్చాడు.

దీనికి దలాంబెర్ అనే మరొక గణితవేత్త అడ్డు చెప్పాడు. లెక్క తప్పని కాదు. సగటు ఆయువు మూడేళ్లు పెరగడం వేరు, ఆ మూడేళ్ల కోసం ఈ నెలలోనే చనిపోయే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడం వేరు అన్నాడు. రాజ్యానికి సగటు చాలు, తల్లికి చాలదు. ఈ అభ్యంతరం ఈనాటికీ చెల్లుతుంది. కమ్యుటేషన్ పట్టిక అందరికీ ఒక్కటే. దాన్ని దాటి హాయిగా బతుకుతున్నవారూ, అందుకోలేక వెళ్లిపోయినవారూ మన సంఘంలోనే ఉన్నారు.

వైద్యులకే పరీక్ష పెట్టారు

తరువాత రెండు వందల ఏళ్లలో వైద్యం బాగా పెరిగింది, లెక్కలూ పెరిగాయి. కాని లెక్క చెప్పేవారికి, వినేవారికి అది ఎంతవరకు అర్థమవుతున్నదని ఎవరూ చూడలేదు. ఆ పని మనస్తత్వ శాస్త్రజ్ఞులు, కొందరు వైద్యులు 1970ల తరువాత చేపట్టారు.

1978లో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన ఆసుపత్రులలో 60 మంది వైద్యులను, విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు. పరీక్ష చేస్తే, జబ్బు లేనివారిలో కూడా నూటికి ఐదుగురికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. ఇప్పుడు ఒకరికి పాజిటివ్ వచ్చింది, ఆ మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? ఎక్కువమంది చెప్పిన జవాబు 95 శాతం. సరియైన జవాబు సుమారు 2 శాతం. 60 మందిలో అది చెప్పినవారు 11 మంది.

మీరే వేసి చూడండి. వెయ్యిమందిలో జబ్బున్నవాడు ఒకడు. మిగిలిన 999 మందిలో నూటికి ఐదుగురు చొప్పున సుమారు 50 మందికి పొరపాటు పాజిటివ్. మొత్తం 51 పాజిటివ్‌లలో నిజమైనది ఒక్కటే.

1982లో అమెరికాలోనే మరొక పరిశోధన జరిగింది. మెక్‌నీల్ అనే వైద్యురాలు, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఇతరులు కలిసి చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఆపరేషను మేలా, రేడియేషను మేలా అని అడిగారు. కొందరికి ఆపరేషనులో నూటికి 90 మంది బతుకుతారని చెప్పారు. మరికొందరికి నూటికి పదిమంది చనిపోతారని చెప్పారు. రెండూ ఒకే లెక్క. కాని ‘చనిపోతారు’ అన్న మాట విన్నవారిలో ఆపరేషను కోరినవారు బాగా తగ్గిపోయారు. రోగులే కాదు, వైద్యులూ అంతే. గ్లాసు సగం నిండింది, సగం ఖాళీ అన్న తేడాతో ప్రాణం మీది నిర్ణయం మారిపోయింది.

గిగెరెంజర్‌గారి సహజ లెక్క

ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచిన వ్యక్తి వస్తాడు. పేరు గెర్డ్ గిగెరెంజర్. 1947లో జర్మనీలోని బవేరియా ప్రాంతంలో పుట్టాడు. చదువుకునే రోజుల్లో బృందంతో బాంజో వాయించి సంపాదించుకున్నవాడు. సంగీతమా, విద్యా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు విద్యను ఎన్నుకొన్నాడు. 1997 నుంచి 2017 వరకు బెర్లినులోని మాక్స్ ప్లాంక్ మానవాభివృద్ధి సంస్థలో డైరెక్టరుగా పనిచేశాడు. 2009లో అక్కడే, డేవిడ్ హార్డింగ్ అనే లండను దాత సాయంతో, ప్రమాదాలను అర్థం చేసికొనే చదువు కోసం హార్డింగ్ కేంద్రం స్థాపించాడు. 2020లో ఆ కేంద్రం పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయానికి మారింది.

మనుషుల బుద్ధి సహజంగానే లెక్కలలో పొరపడుతుందని ట్వెర్‌స్కీ, ఆయన సహచరుడు డానియల్ కానమన్ ఉదాహరణలతో చూపించారు. కానమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. గిగెరెంజర్ వారితో గట్టిగా వాదించాడు. తప్పు బుద్ధిది మాత్రమే కాదు, చెప్పే పద్ధతిది అన్నాడు. శాతం అనేది మనిషి చరిత్రలో నిన్న మొన్న వచ్చినది. మనిషి అనాదిగా చూసింది మనుషులను, పశువులను, గింజలను. కాబట్టి “ఇంతమందిలో ఇంతమంది” అని చెబితే అర్థమవుతుందని 1995లో ఉల్రిక్ హోఫ్రాగె అనే సహచరునితో కలిసి వ్యాసం ప్రచురించాడు. 1998లో ఇద్దరూ 48 మంది వైద్యులతో పరీక్షించి చూశారు. శాతాలలో అడిగినప్పుడు సరిగా తేల్చిన జవాబులు నూటికి పది. మనుషుల లెక్కలో అడిగినప్పుడు నూటికి 46.

మా మనుమరాలు నాకు చెప్పింది ఈ పద్ధతిలోనే. వంటింట్లోంచి చింతపిక్కల డబ్బా తెచ్చి చాప మీద కూర్చుంది. గిగెరెంజర్ స్త్రీల వ్యాధుల వైద్యులకు ఇచ్చిన శిక్షణలోని లెక్క అది. “తాతయ్యా, వెయ్యిమంది ఆడవాళ్లు అనుకో. పదిమందికి జబ్బు. ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పరీక్ష పట్టుకుంటుంది” అని తొమ్మిది పిక్కలు ఒక పక్క పెట్టింది. “మిగిలిన 990 మందికీ జబ్బు లేదు. అయినా 89 మందికి పాజిటివ్ వస్తుంది” అని వాటి పక్కనే 89 పిక్కలు కుప్ప పోసింది. “మొత్తం 98. ఇందులో నిజంగా జబ్బున్నవాళ్లు తొమ్మిదిమంది. అంటే పాజిటివ్ వచ్చిన పదిమందిలో ఇంచుమించు ఒకరు.”

మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నది. చాలాసేపు ఆ కుప్ప వంక చూసి, “ఈ మాట అప్పుడెవరూ చెప్పలేదేమే” అన్నది. అంతే. లోపలికి వెళ్లిపోయింది.

ఆ శిక్షణకు 160 మంది వైద్యులు వచ్చారు. ముందుగా అడిగితే సరిగా చెప్పినవారు నూటికి 21 మంది. చాలామంది పదిమందిలో తొమ్మిదిమందికి జబ్బు ఉంటుందన్నారు. సహజ లెక్క నేర్పిన తరువాత నూటికి 87 మంది సరిగా చెప్పారు. కాబట్టి ఇది తెలివితక్కువతనం కాదు, నేర్పకపోవడం.

అయితే పాజిటివ్ వచ్చినా ఊరుకోవచ్చని దీని అర్థం కాదు. ఆ పదిమందిలో ఒకరు ఎవరో తెలియాలంటే రెండో పరీక్ష చేయించుకొని తీరవలసిందే. అది భయంతో గాక, తెలిసి చేయించుకోవాలని మాత్రమే.

రెట్టింపు అన్న మాట చేసిన చేటు

1995 అక్టోబరులో బ్రిటనులో మందుల భద్రతా సంఘం ఒక హెచ్చరిక పంపింది. కొత్త రకం కుటుంబ నియంత్రణ మాత్రల వల్ల రక్తనాళాలలో గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని సారాంశం. పత్రికలు, టెలివిజను ఎత్తుకున్నాయి. ఆడవారు బెదిరి, చాలామంది మాత్రలు మానేశారు.

ఆ రెట్టింపు దేనిమీద? పాత మాత్రలు వాడేవారిలో 7,000 మందికి ఒకరికి గడ్డ ఏర్పడేది. కొత్తవాటితో 7,000 మందికి ఇద్దరు. నూరు శాతం పెరుగుదల అన్నది అబద్ధం కాదు. 7,000లో ఒకరు పెరిగారన్నదీ నిజమే. జనం విన్నది మొదటిది మాత్రమే. మరుసటి ఏడు ఇంగ్లండు, వేల్సులలో సుమారు 13 వేల గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా వేశారు. విచారకరమైన సంగతి ఏమంటే, గర్భం వల్ల గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల ముప్పు కంటె ఎక్కువ.

లాభాలు చెప్పేటప్పుడూ ఇదే తంతు. అదే 1995లో స్కాట్లండులో కొలెస్టరాలు ఎక్కువగా ఉన్న 6,595 మంది మగవారిపై జరిగిన పరిశోధన వెలువడింది. కొలెస్టరాలు తగ్గించే మాత్ర వల్ల మరణాలు 22 శాతం తగ్గాయన్నారు. విడమరిచి చూస్తే, సుమారు ఐదేళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసికొన్నవారు వెయ్యికి 41 మంది పోయారు, అసలు మాత్ర వేసికొన్నవారు వెయ్యికి 32 మంది. వెయ్యికి తొమ్మిది ప్రాణాలు దక్కాయి. అది చిన్న విషయం కాదు. కాని నూరుమంది వేసికొంటే 22 మంది బతుకుతారనుకొనేవారికీ, వెయ్యికి తొమ్మిదిమంది అని తెలిసినవారికీ తేడా ఉన్నది.

భయం కూడా లెక్కను చెడగొడుతుంది. 2001 సెప్టెంబరు 11న విమానాలతో జరిగిన దాడుల తరువాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కారులో ప్రయాణం చేశారు. తరువాతి పన్నెండు నెలలలో, అలా రోడ్డు మీదికి వచ్చి అదనంగా పోయినవారు సుమారు 1,500 మంది ఉంటారని గిగెరెంజర్ లెక్క కట్టాడు. వారి పేర్లు ఏ స్మారకం మీదా లేవు.

నా మిత్రుని విషయం

చివరగా ఒక్క మాట. నా పక్క కుర్చీలో పద్దెనిమిదేళ్లు పనిచేసిన మిత్రునికి గుండె లయ తప్పుతున్నదని వైద్యులు రక్తం పలచబడే మాత్ర వ్రాశారు. ఒకరోజు పేపర్లో ఒక మందు గురించి, రక్తస్రావం ముప్పు రెట్టింపు అని నాలుగు వాక్యాల వార్త చదివాడు. కత్తిరించి జేబులో పెట్టుకొన్నాడు. ఇంట్లోవాళ్లకు గాని, వైద్యునికి గాని చెప్పకుండా మాత్ర మానేశాడు. ఎనిమిది నెలలకు పక్షవాతం వచ్చింది. పదకొండు రోజులు ఉన్నాడు. ఆ కత్తిరింపు తరువాత ఆయన చొక్కా జేబులో దొరికింది.

మాత్ర వేసికొని ఉంటే బతికేవాడని నేను అనను. నూటికి ఇంతమంది అని చెప్పగలరు గాని, ఫలానా మనిషి అని ఎవరూ చెప్పలేరు. దలాంబెర్ చెప్పింది అదే. కాని ఒక్కటి మాత్రం నన్ను బాధిస్తుంది. జత పరచవలసిన కాగితాలు లేవని ఎన్నో బిల్లులు వెనక్కు పంపిన మనిషి ఆయన. ఫైలు మొత్తం చూడకుండా సర్వీసులో ఒక్క సంతకం పెట్టలేదు. తన ప్రాణం మీది ఫైలులో మాత్రం ఒక్క కాగితం చూసి సంతకం పెట్టేశాడు. ఆ కాగితంలో ‘రెట్టింపు’ అని ఉన్నది గాని, ఎంతమందిలో అన్నది లేదు. మాత్ర మానేస్తే పక్షవాతం ఎంతమందికి వస్తుందన్నది అసలే లేదు.

కాబట్టి సోదర సోదరీమణులారా, వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు చీటీ మీద ఈ నాలుగు ప్రశ్నలు వ్రాసికొని వెళ్లండి. ఈ చికిత్స చేసికొంటే నావంటి వందమందిలో, లేదా వెయ్యిమందిలో, ఎందరికి మేలు? చేసికోకపోతే ఎందరికి ఏమవుతుంది? ఇది ఎన్నేళ్ల లెక్క? దీని వల్ల కీడు జరిగేది ఎందరికి, అదీ అదే కొలతలో? అడగడానికి మొహమాటపడకండి. మర్యాదగా అడిగితే మంచి వైద్యులు సంతోషంగానే చెబుతారు. జవాబు తెలిసేదాకా ఉన్న మందు మానవద్దు, కొత్తది సొంతంగా మొదలు పెట్టవద్దు.

మా ఇంట్లో ఆ చింతపిక్కలు మళ్లీ డబ్బాలోకి వెళ్లలేదు. తొమ్మిది పిక్కలు ఒక చిన్న సీసాలోనూ, 89 పిక్కలు పెద్ద సీసాలోనూ పోసి మా ఇంటావిడ అలమరలో పెట్టింది. ఎవరైనా ఇరుగుపొరుగు ఆడవారు పరీక్ష కాగితం పట్టుకొని కంగారుగా వస్తే, ముందు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఆ సీసాలు దింపుతుంది. ఆ తరువాత, రెండో పరీక్షకు తోడుగా తానే వెళుతుంది.



— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, ఖజానా శాఖ